అతిథుల్ని పిలిచి ఆట చూసిన పెద్దమనిషి

నైయో మార్ష్ రాసిన ‘డెత్ అండ్ ద డాన్సింగ్ ఫుట్‌మన్’ హత్యానవల. ఎవరు చంపారు, ఎలా చంపారు అన్న ప్రశ్నల మీదే నడుస్తుంది. అయినా చదవడం పూర్తయ్యాక నాకు హంతకుడి మీద కన్నా ఆ ఇంటి యజమాని మీద ఎక్కువ కోపం మిగిలింది. నేను ఇది రాయడానికి ముఖ్యమైన కారణం ఆ కోపమే. పుస్తకం బాగుంది, కొనుక్కుని చదవదగ్గదే, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

1940 మొదట్లో ఒక గురువారం మధ్యాహ్నం కథ మొదలవుతుంది. ఇంగ్లాండు దక్షిణాన డోర్సెట్ ప్రాంతంలో హైఫోల్డ్ అనే పాత బంగళా ఉంది. దాని యజమాని జొనాథన్ రాయల్ పెళ్ళి చేసుకోలేదు. ఆస్తి ఉంది, తీరిక ఉంది, నౌకర్లున్నారు. అతను వారాంతానికి కొందరిని ఇంటికి పిలుస్తాడు. పిలిచినవాళ్ళంతా ఒకరంటే ఒకరికి పడనివాళ్ళు. అది పొరపాటున జరిగింది కాదు, ఏరి ఏరి పిలిచాడు. ముందుగా వచ్చిన ఆబ్రీ మాండ్రేక్ అనే నాటక రచయితకి తన ఆలోచన చెప్పుకుని మురిసిపోతాడు. నువ్వు కాగితం మీద పాత్రలతో నాటకం రాస్తావు, నేను నెత్తురూ మాంసమూ ఉన్న మనుషులతో ఆడిస్తాను, కూర్చుని చూడు అన్నట్టు ఉంటుంది ఆ వరస. మాండ్రేక్‌కి ఇబ్బందిగా అనిపిస్తుంది గానీ లేచి వెళ్ళిపోడు. అక్కడే ఉండిపోయి అంతా చూస్తాడు. మనమూ చాలావరకు అతని కళ్ళతోనే చూస్తాం.

వచ్చినవాళ్ళెవరో చూడండి. మిసెస్ కాంప్లైన్ ఒకప్పుడు అందగత్తె. చాలా ఏళ్ళ క్రితం వియన్నాలో ముఖానికి అందం కోసం ఆపరేషన్ చేయించుకుంటే అది వికటించి ముఖం పాడైపోయింది. ఆ బల్లకే ఇంకోవైపు కూర్చోబోయే డాక్టర్ హార్ట్ ఎవరంటే, పుట్టుక ఆస్ట్రియాలో, వృత్తి ప్లాస్టిక్ సర్జరీ. చదువుతున్నవాళ్ళకి అక్కడే గుండె జారుతుంది. మిసెస్ కాంప్లైన్ కొడుకులిద్దరూ వస్తారు. పెద్దవాడు విలియం సైన్యం నుంచి సెలవు మీద వచ్చాడు. చిన్నవాడు నికొలస్ అంటే తల్లికి ప్రాణం. క్లోరిస్ అనే అమ్మాయికి ముందు నికొలస్‌తో నిశ్చితార్థమైంది. అది చెడిపోయి ఇప్పుడు విలియంతో కుదిరింది. మదాం లీస్, లేడీ హెర్సీ అని ఇద్దరు ఆడవాళ్ళు. ఇద్దరికీ బ్యూటీ పార్లర్లు ఉన్నాయి, ఒకరి గిరాకీ ఇంకొకరు లాక్కున్నారన్న పగ ఉంది. పైగా మదాం లీస్ విషయంలో డాక్టర్ హార్ట్‌కీ నికొలస్‌కీ మధ్య అసూయ. ఇన్ని మంటల్ని ఒక కప్పు కిందికి తెచ్చిపెట్టాడు జొనాథన్.

ఇంతలో మంచు కురవడం మొదలవుతుంది. దారులు మూసుకుపోతాయి, టెలిఫోన్ చచ్చిపోతుంది. ఇంక ఎవరూ బయటికి పోలేరు, బయటి నుంచి ఎవరూ రాలేరు.

నేను అమలాపురం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరి, దూరపు ఊళ్ళ కాల్స్ చేత్తో కలిపే ట్రంకు బోర్డుల కాలం పోయి కంప్యూటర్లు వచ్చాక రిటైరయ్యాను. ఇలాంటి నవలల్లో ఫోను చచ్చిపోయిందని ఒక్క ముక్కలో రాసేస్తే చాలామంది రచయిత కల్పించుకున్న సదుపాయం అనుకుంటారు. నేనలా అనుకోలేను. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమ మీద పడ్డాక కొబ్బరిచెట్లు స్తంభాల మీద, స్తంభాలు రోడ్ల మీద పడి ఉన్నాయి. తీగ తెగితే ఊరు ఊరే కనబడకుండా పోతుంది. పక్క ఊళ్ళో కన్నకూతురు బతికుందో లేదో తెలియక ఎక్స్ఛేంజి మెట్ల మీద కూర్చున్నవాళ్ళని చూశాను. అందుకే హైఫోల్డ్‌లో ఫోను పోయినప్పుడు అక్కడున్నవాళ్ళ గొంతు మారిపోవడం, చిన్న చిన్న మాటలకే ఉలిక్కిపడటం నాకు నిజంగానే తోచింది. మార్ష్ ఆ మార్పుని బాగా పట్టుకుంది. మొదట్లో మంచు పడుతుంటే కులాసాగా కబుర్లు చెప్పుకున్నవాళ్ళే, బయటికి దారి లేదని తెలిశాక ఒకరి వెనక ఒకరు నడవడానికి జంకుతారు.

హత్య వెంటనే జరగదు. ముందు చిన్నవిగా కనబడే సంఘటనలు జరుగుతాయి. కాగితాల మీద మాటలు నింపే ఒక ఆట ఆడుతుంటే నికొలస్ చేతికి ఒక కాగితం వస్తుంది, జాగ్రత్తగా ఉండు, దూరంగా ఉండు అని బెదిరింపు రాసి ఉంటుంది. మర్నాడు పొద్దున్న మంచులో ఈతకొలను దగ్గర మాండ్రేక్‌ని ఎవరో వెనక నుంచి నీళ్ళలోకి తోసేస్తారు. అతను వేసుకున్న అంగీ లాంటిదే నికొలస్‌కీ ఉంది. మరి తోసినవాడు ఎవరిని తోద్దామనుకున్నాడు? తర్వాత తలుపు మీద పెట్టిన ఇత్తడి బుద్ధ విగ్రహం నికొలస్ మీద పడుతుంది. ఆ తర్వాత హత్య. ఎవరు పోతారో నేను చెప్పను. అట్ట వెనక రాసి ఉన్నా అది చదవకుండా లోపలికి వెళ్ళండి. గోడకి అలంకారంగా తగిలించిన, న్యూజిలాండు మూలవాసులైన మావోరీల రాతి ఆయుధంతో కొడతారని మాత్రం చెబుతాను. మార్ష్ న్యూజిలాండు మనిషి, క్రైస్ట్‌చర్చ్‌లో 1895లో పుట్టింది. ఇంగ్లీషు బంగళా గోడ మీద ఆవిడ తన దేశపు వస్తువుని వేలాడదీసి, దానితోనే కథ నడిపించడం నాకు నచ్చింది.

ఈ పుస్తకం నేనొక్కదాన్నే చదవలేదు. మా అత్తయ్యగారికి తొంభై దాటాయి, చూపు తగ్గింది, చెవులు మాత్రం చక్కగా పనిచేస్తాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక వసారాలో మంచం మీద ఆవిడ పడుకుంటే, నేను పక్కన కుర్చీలో కూర్చుని కొంత కొంత చదువుకుంటూ తెలుగులో చెప్పేదాన్ని. ఇంగ్లీషు పేర్లు ఆవిడకి పట్టవు. మిసెస్ కాంప్లైన్‌ని ‘ముఖం పోయినావిడ’ అనీ, హార్ట్‌ని ‘డాక్టరు’ అనీ, మాండ్రేక్‌ని ‘కుంటి అబ్బాయి’ అనీ పెట్టుకుంది. జొనాథన్‌కి మాత్రం పేరు పెట్టలేదు. అతని ప్రస్తావన వస్తే “ఆ ఇంటాయన” అనేది, అదీ మొహం ముడుచుకుని.

“భోజనానికి పిలిచినవాళ్ళు తగువులాడుకుంటే చూసి ఆనందించడమేమిటే అమ్మాయ్? ఆయనకి తల్లీ తండ్రీ ఏమీ చెప్పలేదా?” అంది మొదటి రోజే.

“చనిపోయారేమో అత్తయ్యగారూ. ఒక్కడే ఉంటాడు.”

“ఒక్కడే ఉంటే మాత్రం? పిలిచాక వాళ్ళు మన మనుషులు. వాళ్ళకి కష్టం వస్తే మన పరువు పోయినట్టు కాదూ!”

ఆవిడ చిన్నప్పుడు ముక్తేశ్వరం దగ్గర పల్లెటూళ్ళో పెరిగింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. కాకినాడలో ఉన్న బంధువులు సామాను మూటగట్టుకుని పడవల మీదా బళ్ళ మీదా వీళ్ళ ఊరికి వచ్చేశారట. ఇంట్లో ఉన్నదానికి రెట్టింపు మంది. అంతకు ముందు నెలలోనే బర్మాలోని రంగం (రంగూన్) జపానువాళ్ళ చేతికి పోయింది. అక్కడ పనికి వెళ్ళిన మన గోదావరి జిల్లాల జనం ఎంతోమంది నడిచీ, ఓడలెక్కీ తిరిగొచ్చారు. బర్మా బియ్యం రావడం ఆగిపోయింది. కిరసనాయిలు దొరక్క ఆముదం దీపాలు పెట్టుకున్నారు. “మా అమ్మ పెద్ద గుండిగ పొయ్యి మీంచి దించేది కాదే. ఎవరు ఎప్పుడు వస్తారో తెలియదు కదా. వచ్చినవాళ్ళలో మా నాన్నకి పడని పెదనాన్న ఒకాయన ఉన్నాడు. ఇద్దరికీ పొలం గట్టు దగ్గర మాటల్లేవు. అయినా ఆయన విస్తట్లో ముందు వడ్డించింది మా అమ్మ” అని చెప్పింది.

ఈ నవల లండనులో అచ్చయింది కూడా ఆ 1942లోనే. అమెరికాలో దానికి ముందు ఏడాదే వచ్చింది. ఆవిడ చెప్పింది విన్నాక జొనాథన్ చేసిన పని నాకు ఇంకా నీచంగా కనిపించింది. దేశం యుద్ధంలో ఉంది. పెద్దబ్బాయి రేపోమాపో మళ్ళీ సైన్యానికి వెళ్ళాలి. అలాంటి సమయంలో ఒక తల్లినీ, ఆమె ముఖం పాడుచేసిన వైద్యంతో సంబంధం ఉన్న మనిషినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి ఏం జరుగుతుందో చూద్దామనుకున్నాడు. అతను చంపమని ఎవరికీ చెప్పలేదు, నిజమే. కానీ ఎండుగడ్డి పరిచి, అగ్గిపెట్టె అందరికీ అందేచోట పెట్టాడు.

రచయిత్రి అతన్ని కొంత ఆటపట్టిస్తుంది. అతను భయపడిపోయి చేతులు నలుపుకునే ఘట్టాలు రాస్తుంది. అయినా అతన్ని నిలబెట్టి నిలదీయదు. ఏదో సరదా మనిషి, కాస్త తెలివితక్కువ పని చేశాడు అన్నంత దగ్గరే వదిలేస్తుంది. నాకు ఈ పుస్తకంలో పెద్ద లోటు ఇదే. మాండ్రేక్ నోటి నుంచో, హత్య సంగతి తేల్చడానికి వచ్చే డిటెక్టివ్ ఆలీన్ నోటి నుంచో రెండు గట్టి మాటలు అనిపించి ఉంటే ఈ నవల ఇంకా పెద్దదయ్యేది. ఆలీన్ మర్యాదస్తుడు, పెద్దింటి మనిషి. తన వర్గపు మనిషి ఇంట్లో కూర్చుని ఆ మాట అనలేకపోయాడేమో అనిపించింది.

మిసెస్ కాంప్లైన్ దగ్గర మాత్రం రచయిత్రి ఎక్కడా తేలిక చెయ్యలేదు. ఆమె గదిలోకి వచ్చినప్పుడు కొత్తవాళ్ళు ఒక్క క్షణం చూపు తిప్పుకోవడం, ఆమె అది అలవాటైనట్టు నిలబడటం, కొడుకుల్లో ఒకడి మీదే ఉన్న ఆ అతి ప్రేమ, రెండోవాడు ఆ సంగతి తెలిసీ మాట్లాడకపోవడం, ఇవన్నీ నెమ్మదిగా, బాగా రాసింది. మొదటి ప్రపంచయుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సిపాయిలకి మళ్ళీ ముఖం కట్టిచ్చిన వైద్యుడు హెరాల్డ్ గిలీస్ కూడా న్యూజిలాండువాడే, డునెడిన్‌లో పుట్టాడు. ఆయన పనిచేసిన సిడ్‌కప్ ఆసుపత్రి 1917లో మొదలైంది. 1942 నాటి పాఠకులకి ప్లాస్టిక్ సర్జరీ అంటే ముందు ఆ సిపాయిలే గుర్తొచ్చి ఉంటారు. అందం కోసం వెళ్ళి ముఖం పోగొట్టుకున్న ఆడమనిషి మీద వాళ్ళకి జాలి ఎంత కలిగిందో, తప్పు ఆవిడదే అన్న మాట ఎంత వినబడిందో. నవలలో ఆ రెండూ ఉన్నాయి. మా అత్తయ్యగారు ఆమె గురించి ఒక్క విరుపు మాట కూడా అనలేదు. “చిన్నవాడి మీద అంత పిచ్చి ఉండకూడదు. ఆ పెద్దవాడు ఎలా భరించాడో” అని మాత్రం అంది.

డాక్టర్ హార్ట్ సంగతి ఇంకోటి. ఆయన ఇంగ్లాండులో స్థిరపడ్డాడు, కానీ యాస పోలేదు. ఇంట్లో ఏ చెడు జరిగినా అందరి వేళ్ళూ ఆయన వైపే చూపిస్తాయి. యుద్ధకాలం కదా, శత్రుదేశపు మాట మాట్లాడేవాడు అన్న అనుమానం చాలు. సాక్ష్యం ఎవరికీ అక్కర్లేదు. మార్ష్ ఆ తొందరపాటుని మెచ్చుకోదు, అలాగని ఉపన్యాసమూ ఇవ్వదు. ఆ మనుషులు మాట్లాడుకునే తీరులోనే మనకి తెలిసేలా చేసింది. నవలలో యుద్ధం ఎక్కువగా కనిపించేది ఇలాంటి చోట్లే. వస్తువుల్లో అంతగా కనబడదు. 1940 జనవరి 8 నుంచి ఇంగ్లాండులో బేకన్ (ఉప్పు పట్టించిన పంది మాంసం), వెన్న, చక్కెర రేషను. మనిషికి వారానికి వెన్న నాలుగు ఔన్సులు, అంటే మన లెక్కలో 113 గ్రాములు. పెట్రోలు రేషను అంతకు ముందే వచ్చింది. “అంతమందికి వంట ఎలా చేశారమ్మా?” అని మా అత్తయ్యగారు అడిగితే చెప్పడానికి పుస్తకంలో పెద్దగా ఏమీ దొరకలేదు. మార్ష్ యుద్ధకాలంలో న్యూజిలాండులోనే ఉండి రెడ్ క్రాస్ అంబులెన్సు నడిపింది. దూరం నుంచి రాసింది గనక వంటింటి లెక్కలు తప్పిపోయి ఉంటాయి, మనుషుల భయం మాత్రం తప్పలేదు.

ఇక చిక్కుముడి. ఇలాంటి నవల చదవాలంటే ఇల్లు కళ్ళముందు ఉండాలి. నేను పాత క్యాలెండరు కాగితం వెనక పెన్సిలుతో ప్లాన్ గీసుకున్నాను. హాలు, మెట్లు, లైబ్రరీ, పొగ తాగడానికి విడిగా ఒక గది, దాని పక్కన ఆడవాళ్ళ కోసం చిన్న గది. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తలుపులు. మా అత్తవారిది పాత మండువా లోగిలి. మధ్యలో ఆకాశం, చుట్టూ వసారా, నాలుగు వైపులా గదులు. ఎవరు ఏ గదిలోంచి వచ్చి ఏ గదిలోకి వెళ్ళినా మండువా దాటాలి. వంటింట్లోంచి అమ్మమ్మకి కనబడుతుంది, అరుగు మీది తాతయ్యకి కనబడుతుంది. ఆ ఇంగ్లీషు ఇంట్లో గదికీ గదికీ తలుపు, ప్రతి తలుపూ మూసే ఉంటుంది. అందుకే అక్కడ చూడటం కన్నా వినడం మీద సాక్ష్యం ఎక్కువ ఆధారపడుతుంది. తలుపు అవతల అడుగులు, రేడియోలో వార్తలు, పాట, ఎవరిదో గొంతు.

ఇది నాకు బాగా దగ్గరైన సంగతి. నా ఉద్యోగమంతా మనుషుల్ని చూడకుండా వినడమే. ట్రంకు కాల్ కలిపేటప్పుడు ఒక్క ‘హలో’తో ఎవరో గుర్తుపట్టేవాళ్ళం. గొంతు వినబడితే మనిషి అక్కడే ఉన్నాడని నమ్మేవాళ్ళం. ఈ నవలలో ప్రతి సాక్షీ తను ఏం విన్నాడో చెబుతున్నప్పుడు, వాళ్ళు నిజంగా ఏం విన్నారు, మిగతాది ఎంత ఊహించుకున్నారు అని విడదీసుకుంటూ చదవండి. ఇంతకన్నా చెబితే మీ ఆనందం పాడుచేసినట్టవుతుంది.

పేరులో ఉన్న ఆ డాన్సు చేసే నౌకరు థామస్ గురించి చెప్పాలి. పై గదుల్లో పెద్దవాళ్ళు పగలతో ఉడికిపోతుంటే, హాల్లో ఒక కుర్ర నౌకరు రేడియోలో డాన్సు పాట వినబడగానే ఎవరూ చూడటం లేదనుకుని గంతులు వేస్తాడు. ఆ కొద్ది నిమిషాల గంతుల మీద తర్వాత ఎవరు ఎక్కడున్నారన్న లెక్కంతా నిలబడుతుంది. నవల మొత్తంలో ఎవరినీ నొప్పించకుండా సంతోషపడింది ఆ కుర్రవాడొక్కడే. ఆలీన్ అతన్ని అడిగి చెప్పించుకునే తీరు కూడా చాలా బాగుంది. కసురుకోడు, భయపెట్టడు. ఆ కుర్రాడు సిగ్గుపడుతూనే చెబుతాడు. యుద్ధం మొదలైన 1939 సెప్టెంబరులోనే 18 నుంచి 41 ఏళ్ళ లోపు మగవాళ్ళని సైన్యంలో చేర్చుకునే చట్టం వచ్చింది. కథ అయిపోయాక థామస్ ఏ యుద్ధరంగానికి వెళ్ళి ఉంటాడా అని నాకు చాలాసేపు మనసు మనసులో లేదు. రచయిత్రి అతనికి ఇంకో రెండు పేజీలు ఇవ్వాల్సింది. ఇంట్లో పనిచేసేవాళ్ళకి ఈ పుస్తకంలో సాక్ష్యం చెప్పడానికి తప్ప నోరు లేదు. వాళ్ళ వంటింట్లో ఏం మాట్లాడుకున్నారో వినాలని ఉంది.

ఆలీన్ చాలా ఆలస్యంగా వస్తాడు. హత్యే సగం పుస్తకం దాకా జరగదు, ఆయన ఆ తర్వాత ఎప్పుడో వస్తాడు. దగ్గర్లోని ఊళ్ళో చర్చి ఫాదర్ గారింట్లో భార్య ట్రాయ్‌తో కలిసి దిగి ఉంటాడు. ఆవిడ చిత్రకారిణి, ఫాదర్ గారి బొమ్మ వేస్తుంటుంది. మాండ్రేక్, క్లోరిస్ మంచులో కారు వేసుకుని ఆయన్ని పిలుచుకు రావడానికి వెళ్ళే అధ్యాయం నాకు పుస్తకంలో అన్నిటికన్నా ఇష్టమైనది. టైర్లు జారుతుంటాయి, దారి కనబడదు, వెనక ఇంట్లో శవం ఉంది, హంతకుడూ ఉన్నాడు. అలాంటి టెన్షన్‌లో ఇద్దరూ మొదటిసారి నిజాయితీగా మాట్లాడుకుంటారు. మాండ్రేక్ తన పేరు గురించీ, కాలి గురించీ పడే సిగ్గు కొంచెం కొంచెంగా కరుగుతుంది. ప్రేమకథ ఉన్నట్టే తెలియకుండా ప్రేమకథ నడిపించింది. మార్ష్ నాటకాలు కూడా ఆడించిన మనిషి, క్రైస్ట్‌చర్చ్ విద్యార్థులతో షేక్‌స్పియర్ నాటకాలు వేయించింది. ఇద్దరు మనుషుల్ని ఒకచోట కూర్చోబెట్టి మాటల్లోనే వాళ్ళని మార్చడం ఆవిడకి చేతనైన విద్య.

లోట్లు ఇంకా ఉన్నాయి. మొదటి యాభై పేజీలు ఓపికగా చదవాలి. జొనాథన్, మాండ్రేక్ కూర్చుని రాబోయేవాళ్ళ గురించి చెప్పుకుంటూనే ఉంటారు. పేర్లు గుర్తుపెట్టుకోవడం కష్టం. ఒక కాగితం మీద ఎవరు ఎవరికి ఏమవుతారో రాసుకుంటే నయం. చివర్లో ఆలీన్ హత్య ఎలా జరిగిందో వివరించేటప్పుడు ఆ పద్ధతి కాస్త యంత్రంలా అనిపిస్తుంది. ఇది ఇలా లాగితే అది అలా కదిలి అన్న తరహా. నాకు మనుషుల మనసుల్లోంచి వచ్చిన కారణం నచ్చింది గానీ, చేసిన పద్ధతి అంత సాఫీగా సాగి ఉంటుందా అన్న అనుమానం పోలేదు. అయితే మోసం లేదు. కావలసిన ఆనవాళ్ళన్నీ ముందే మన ఎదుట పెట్టింది. ముగించాక వెనక్కి తిప్పి చూస్తే ఒక్కొక్కటీ దాని చోట దొరికింది.

మా అత్తయ్యగారు ఆలీన్ రాకముందే ఒక పేరు చెప్పింది. కారణం అడిగితే ఆనవాళ్ళ జోలికి పోలేదు. “వాడు అందరి ముందూ మాట్లాడే తీరు, ఎవరూ లేనప్పుడు మాట్లాడే తీరు ఒకటేనా చూడు” అంది. ఆ పేరు సరైందో కాదో ఇక్కడ రాయను. ఆ మాట మాత్రం చదివేటప్పుడు గుర్తుపెట్టుకోండి.

భాష విషయానికొస్తే, పాతకాలపు ఇంగ్లీషు. వాక్యాలు కొన్ని పొడుగ్గా ఉంటాయి, అప్పటి వాడుక మాటలు కొన్ని నిఘంటువులో కూడా తేలిగ్గా దొరకవు. డిగ్రీలో ఇంగ్లీషు నవల ఒకటి చదివినవాళ్ళకి ఇబ్బంది ఉండదు. ఇంగ్లీషు డిటెక్టివ్ నవల అసలు ముట్టనివాళ్ళు దీనితో మొదలుపెట్టకండి. ముందు హత్య త్వరగా జరిగే చిన్న నవల ఏదైనా చదివి, ఆ ఇళ్ళూ ఆ మర్యాదలూ అలవాటయ్యాక దీని దగ్గరికి రండి. ఆలీన్ వచ్చే నవలల్లో ఇది పదకొండోది. వరసలో చదవకపోయినా నష్టం లేదు. ఫాదర్ గారి కుటుంబం అంతకు ముందు నవలలో ఒకసారి వచ్చింది, అది చదివి ఉంటే పాత స్నేహితుల్ని కలిసినట్టు ఉంటుందంతే.

నాది పాత ఫాంటానా పేపర్‌బ్యాక్. రాజమండ్రిలో పాత పుస్తకాలమ్మే చోట దొరికింది. కాగితం గోధుమరంగుకి తిరిగింది, అక్షరం చిన్నది, మధ్యలో కుట్టు వదిలి నాలుగు పేజీలు ఊడి వస్తున్నాయి. కళ్ళద్దాలున్నవాళ్ళు కొత్త ముద్రణే తీసుకోండి, లేదా ఫోనులో ఈ-బుక్ కొనుక్కుని అక్షరం పెద్దది చేసుకోండి. పాత కాపీ కొంటే ఆఖరి పేజీలు ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. హత్యానవలకి ఆఖరి పేజీలు లేకపోతే డబ్బు గోదాట్లో పోసినట్టే.

ఇప్పుడు నా కాపీ వెనక వీధిలో ఉన్న లెక్కల మాస్టారి దగ్గరుంది. ఆయన ముగించాక మా ఊళ్ళో ఎవరు అడిగినా ఇస్తాను. ఇంటి ప్లాన్ గీసిన క్యాలెండరు కాగితం లోపలే ఉంటుంది, దాన్ని తియ్యకండి. దాని వెనక మాస్టారు కూడా ఒక పేరు రాసి మడిచి పెడతానన్నారు. చివరి అధ్యాయం అయ్యేదాకా ఆ మడత విప్పకండి.